ఇసుకపై నీరు

ఈజిప్టు దేశమున నైలునది చెంత దెయిర్ ఎల్ బెర్షా యను చోట జెహుతిహోటెప్ అను మండలాధిపతి సమాధి కలదు. అది క్రీస్తునకు పూర్వము సుమారు 1900వ సంవత్సర ప్రాంతమున నిర్మితమైనది. దాని గోడపై నొక చిత్రము గలదు. 13 మూరల యెత్తుగల యాతని శిలావిగ్రహమును చక్రములులేని కొయ్యబండిపై నునిచి 172 మంది త్రాళ్లుపట్టి లాగుచున్నారు. బండి ముందుభాగమున నిలిచిన యొకడు దారిపై నీరు పోయుచున్నాడు. మరికొందరు కావళ్లతో నీరు మోసికొని వచ్చుచున్నారు.

ఈ నీరు దేనికి? ఇది శుద్ధికొరకైన క్రతువని పండితులు పలువురు తలచిరి. పనివాని చేతిలోని కడవకు ప్రయోజనము కానరానప్పుడు దానిని ఆచారముక్రింద జమకట్టుట సులభమే కదా!

గట్టి తలములు రెండు ఒరసికొనునప్పుడు రాపిడి బరువును బట్టి హెచ్చునని 1699లో పారిసునందు అమోంతోన్ తెలిపెను. ఇసుక యట్టి గట్టి తలము గాదు. పొడి యిసుక బండి క్రింద నణగి, ముందునకు జరిగి, కుప్పగా పేరుకొనును. లాగువారు విగ్రహమునేగాక ఆ దిబ్బను గూడ త్రోయవలసివచ్చును.

2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయమున డేనియల్ బాన్ బృందమువారు చిన్నబండిని ఇసుకపై లాగి, పట్టిన బలమును కొలిచిరి. తగినంత తడి యున్నచో ఆ బలము సుమారు సగమునకు తగ్గెను. రేణువుల నడుమ నిలిచిన సన్నని నీటివంతెనలు వానిని బిగబట్టును, ఇసుక గట్టిపడును, కుప్ప పేరుకొనదు. నీరు మితిమీరెనా, ఆ వంతెనలు ఒండొంటితో కలిసిపోయి పట్టు సడలును; రాపిడి మరల పెరుగును. తడి యిసుకతో పిచ్చుకగూళ్లు కట్టు బిడ్డలకు ఈ మర్మము చేతులార తెలిసినదే.

ఈ పరీక్షవలన నీటి ప్రయోజనము తేలినదిగాని, నాడు పోసినవాని మనస్సు తేలలేదు. ఒకే కడవ నీరు క్రతువునకును పనికిని గూడ నుపకరించియుండవచ్చును. అయినను ఒక్కటి స్పష్టము. ఎంత పోయవలయునో, ఎచట నాపవలయునో యెరుగుట విద్యయే. అది పుస్తకమున లేకున్నను విద్యయే. పనివాండ్ర వాడుకలను పూర్వాచారమని కన్నులు మూసికొని మ్రొక్కువారును, మూఢత్వమని నవ్వి త్రోసివేయువారును పరీక్షింపకయే తీర్పు చెప్పుచున్నారు. ఈ రెండు తెరగులును మనకు తగవు. తీర్పునకు ముందు కొలిచి చూచుట మేలని మేము తలచుచున్నాము.