వరి మడి, మీథేన్ లెక్క: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

వ్యవసాయం వల్ల వెలువడే హరితగృహ వాయువుల గురించిన చర్చ భారతదేశంలో ఒక అంకె చుట్టూ వేడెక్కింది. దేశంలోని వరి పొలాలు ఏటా ఎంత మీథేన్‌ను వదులుతున్నాయన్నదే ఆ అంకె. దానిని సరిదిద్దే క్రమంలో వెలుగులోకి వచ్చిన విషయాలే ఉద్గారాలను తగ్గించే మార్గాన్నీ, ఆ మార్గంలోని అడ్డంకులనూ అర్థం చేసుకోవడానికి ఆధారమయ్యాయి.

కొలతల తొలిదశ

దమ్ము చేసి నీరు నిలిపిన మడిలో నేలకు గాలి అందదు. ఆ స్థితిలో సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని విచ్ఛిన్నం చేసి మీథేన్‌ను ఉత్పత్తి చేస్తాయి. అందులో అధికభాగం వరి మొక్క గుండానే గాలిలో కలుస్తుంది. 1963లో జపాన్ శాస్త్రవేత్త కొయామా ప్రయోగశాలలో మట్టిని పరీక్షించి, ప్రపంచ వరి పొలాల ఉద్గారాన్ని అంచనా వేశారు. సిసిరోన్, షెటర్ కాలిఫోర్నియా పొలాల్లో నేరుగా తీసిన కొలతలను 1981లో ప్రచురించారు. అనంతరం ఇటలీలోనూ కొలతలు జరిగాయి.

1990 నాటి వివాదం

భారత వరి పొలాలు ఏటా 378 లక్షల టన్నుల మీథేన్‌ను వదులుతున్నాయని 1990లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా వేసింది. అమెరికా, ఐరోపా పొలాల కొలతలను భారత సాగు విస్తీర్ణానికి వర్తింపజేయగా వచ్చిన లెక్క ఇది. వాతావరణ ఒప్పందంపై చర్చలు మొదలవుతున్న కాలంలో ఇటువంటి అంకెలకు రాజకీయ ప్రాధాన్యం ఏర్పడింది. పేదల బతుకుతెరువు ఉద్గారాలనూ, సంపన్నుల విలాస ఉద్గారాలనూ ఒకే తక్కెడలో తూచడాన్ని అనిల్ అగర్వాల్, సునీతా నరైన్ 1991లో తీవ్రంగా ప్రశ్నించారు.

అదే సంవత్సరం జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన ఎ.పి. మిత్ర నాయకత్వంలో వివిధ ప్రాంతాల పొలాల్లో కొలతలు చేపట్టారు. తేలిన అంచనా సుమారు 40 లక్షల టన్నులు, అంటే తొలి లెక్కలో దాదాపు పదోవంతు. భారతీయ నేలల్లో సేంద్రియ కర్బనం తక్కువ. పైగా అప్పట్లో వరి విస్తీర్ణంలో పెద్దభాగం వర్షాధారం కావడంతో పంటకాలమంతా నీరు నిలిచేది కాదు.

లెక్క నుంచి సాగు పద్ధతికి

ఈ రెండో కారణమే పరిష్కారాన్ని సూచిస్తుంది. 2006 నాటి ఐపీసీసీ మార్గదర్శకాల ప్రకారం, నిరంతరం నీరు నిలిచిన పొలం ఉద్గారాన్ని 1గా తీసుకుంటే, ఒకసారి ఆరబెట్టిన పొలానిది 0.60, పలుమార్లు ఆరబెట్టిన పొలానిది 0.52. అయితే ఆరబెట్టినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ పెరిగే అవకాశం ఉన్నందున నత్రజని ఎరువుల యాజమాన్యం కూడా అవసరం.

ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి పద్ధతి వాతావరణం పేరుతో రాలేదు. మడగాస్కర్‌లో 1980లలో లొలానియె రూపొందించిన సాగు విధానం 2003 ఖరీఫ్‌లో ‘శ్రీ వరి’గా రాష్ట్ర రైతులకు పరిచయమైంది. నీటి ఆదా, విత్తన ఆదా, అధిక దిగుబడి దాని ఆకర్షణలు. మీథేన్ తగ్గుదల వాటి వెంట వచ్చే ఫలితం మాత్రమే.

నీరు ఎవరి అదుపులో ఉంది?

మడిని ఆరబెట్టాలంటే నీరు రైతు అదుపులో ఉండాలి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి డెల్టాలో కాలువ సేద్యాన్ని విస్తరింపజేసింది. అక్కడ మడి నుంచి మడికి నీరు పారే చోట ఒక రైతు తన పొలాన్ని మాత్రమే ఆరబెట్టుకోవడం కష్టం. బోరుబావి కింద రైతుకు ఆ స్వేచ్ఛ కొంత ఎక్కువే. కానీ 2004లో వచ్చిన ఉచిత విద్యుత్తు తరువాత నీటిని పొదుపు చేస్తే అతనికి కరెంటు ఖర్చులో మిగిలేది లేదు.

ముగింపు

తొలి అంచనా తప్పినంత మాత్రాన వరి మీథేన్ సమస్య లేకుండా పోలేదు. అన్ని పొలాలూ ఒకేలా ఉండవని మాత్రం ఆ వివాదం రుజువు చేసింది. కొలతలకు వర్తించే ఈ సూత్రం విధానాలకూ వర్తిస్తుంది. కాలువ నీటి పంపిణీనీ, మురుగునీటి పారుదలనూ సంస్కరించకుండా మడి ఆరబెట్టమని రైతుకు చెప్పడం, అతని చేతిలో లేని నీటికి అతన్నే బాధ్యుణ్ణి చేయడం అవుతుంది.