చెప్పినవారు, రాసినవారు: ‘మనకు తెలియని మన చరిత్ర’లో స్త్రీల జీవిత కథనాలు

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం (1946–51) గురించి వెలువడిన గ్రంథాల్లో అధికభాగం నాయకుల రచనలే. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ఆంగ్లంలో ప్రచురించిన ఉద్యమ చరిత్రలో స్త్రీల పాత్రకు ఒక ప్రత్యేక అధ్యాయం దక్కింది. ఆనాటికి అది చిన్న విషయమేమీ కాదు. అయితే అక్కడ మాట్లాడేది చరిత్రకారుడు. స్త్రీలు ఆయన కథనానికి సాక్ష్యాలుగా నిలుస్తారు. హైదరాబాదుకు చెందిన స్త్రీ శక్తి సంఘటన సభ్యులు పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల మాటలను టేపుల్లో రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రచురించడంతో ఈ స్థితి మారింది. 1989లో ఆ గ్రంథం ఆంగ్లంలోనూ వెలువడింది.

స్త్రీల జీవితాలను స్త్రీలే గ్రంథస్థం చేయడం తెలుగులో అంతకుముందు లేనిది కాదు. భండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ 1901 నాటికే అచ్చయింది. కానీ అచ్చమాంబ ఎంచుకున్నది ఆదర్శప్రాయులైన స్త్రీల చరిత్రలను. పేరులోని ‘సచ్చరిత్ర’ అనే మాటే ఆ ఎంపికను చెబుతుంది. 1986 నాటి గ్రంథానికి ఆ నియమం లేదు. పాలకుర్తిలో విసునూరు దేశముఖును ఎదిరించి పంట దక్కించుకున్న చిట్యాల ఐలమ్మ, దళ జీవితం గడిపిన మల్లు స్వరాజ్యం, హైదరాబాదు ఉర్దూ సాహిత్య వాతావరణంలో పెరిగిన జమాలున్నిసా ఒకే సంపుటంలో పక్కపక్కన కనిపిస్తారు. వీరి కులం, మతం, చదువు, మాతృభాష వేరువేరు.

ఈ వైవిధ్యం పేర్లకు చేరిన పిలుపుల్లోనే వినిపిస్తుంది. ఐలమ్మ, సాలమ్మ, కమలమ్మ అన్న పేర్లలో ‘అమ్మ’ ఉంది. ప్రమీలా తాయిలోని ‘తాయి’, జమాలున్నిసా బాజీలోని ‘బాజీ’ రెండూ అక్కకు పర్యాయాలే. ఒకటి మరాఠీ, మరొకటి ఉర్దూ. నిజాం రాజ్యపు బహుభాషా జీవితం ఈ చిన్న మాటల్లో నిలిచి ఉంది. తెలుగు సాహిత్య పరిశోధనలో ఈ గ్రంథాన్ని తెలంగాణ మాండలికానికి ఆకరంగా చూసినంతగా, పలు భాషల స్త్రీల సంపుటిగా చూడలేదనే చెప్పాలి. ఉర్దూ, మరాఠీ నేపథ్యాల నుంచి వచ్చిన జీవితాలు తెలుగు అచ్చులోకి చేరినప్పుడు వాటి పలుకుబడిలో ఏది మిగిలింది, ఏది జారిపోయింది అన్నది ఇంకా పట్టించుకోవలసిన ప్రశ్న.

కథనాలన్నీ ఉత్తమపురుషలో సాగుతాయి. అయినా వాటిని కేవలం ఆత్మకథలు అనలేము. అడిగినవారు ఉన్నారు, విన్నవారు ఉన్నారు, టేపు నుంచి కాగితం మీదికి ఎక్కించి కూర్చినవారు ఉన్నారు. పోరాటం గురించి అడగబోతే కుటుంబం ముందుకు వచ్చిన సందర్భాలు ఈ గ్రంథానికి ప్రాణం. దళంలో ఉండగా కన్నబిడ్డను ఇతరుల చేతుల్లో పెట్టవలసి వచ్చిన కమలమ్మ కథనం ఇందుకు నిదర్శనం. ఉద్యమ చరిత్రలో అది ‘త్యాగం’ అనే ఒక్క మాటలో ముగిసిపోయేది. తల్లి నోట వచ్చేసరికి ఆ మాట చాలదు. పార్టీ అవసరానికీ పసిబిడ్డకూ మధ్య నలిగిన మనసు నాలుగు దశాబ్దాల తరువాత కూడా తీరని లెక్కగానే ఉంది. విన్నవారు స్త్రీలు కావడం, ఆ ప్రశ్నను సిగ్గుపడకుండా, తొందరపెట్టకుండా వినగలగడం ఇక్కడ నిర్ణాయకం. సేకర్త సహాయమంటే లేఖనం మాత్రమే అనుకుంటే ఈ సంగతి అర్థం కాదు.

మరోవైపు, సహాయానికి ఒక హద్దూ ఉంది. కొండపల్లి కోటేశ్వరమ్మ ఉదాహరణ దాన్ని స్పష్టం చేస్తుంది. ఈ సంపుటంలో ఆమె ఇతరులకు చెప్పిన కథనం ఉంది. 2012లో, తొంభై ఏళ్లు దాటాక, ఆమె స్వయంగా రాసిన ‘నిర్జన వారధి’ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. మొదటిది పోరాటంలో స్త్రీలు అనే చట్రంలో అమరిన కథనం. రెండవదానికి ఆమె జీవితమే చట్రం: బాల్యవివాహం, వైధవ్యం, పునర్వివాహం, భర్త విడిచిపోవడం, బిడ్డల మరణాలు, ఆ తరువాత తన కాళ్ల మీద తాను నిలబడటం. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది చెప్పకుండా వదలాలో రచయిత్రే నిర్ణయించుకుంది. మల్లు స్వరాజ్యం విషయంలో దారి మరొకటి. 2019లో వెలువడిన ‘నా మాటే తుపాకీ తూటా’ ఆమె చెప్పగా విమల, కాత్యాయని అక్షరబద్ధం చేసినది. అంటే చెప్పి రాయించడం అక్షరం రానివారికి మాత్రమే పరిమితమైన పద్ధతి కాదు. వాగ్ధాటి గల వక్త తన మాటను పుస్తకంగా మార్చుకునే మార్గం కూడా.

ఈ వివేచన వెలుగులో ఉటంకింపు పద్ధతిని సరిచూసుకోవలసి ఉంది. గ్రంథాలయ సూచికల్లో 1986 నాటి గ్రంథానికి రచయిత స్థానంలో ఉన్నది స్త్రీ శక్తి సంఘటన పేరు. పరిశోధకులు కూడా అదే పేరును, సంవత్సరాన్ని చూపి ముందుకు సాగుతారు. సమష్టి కృషిని గుర్తించడం న్యాయమే. కానీ ఆ పద్ధతిలో కమలమ్మ మాట కూడా, ఐలమ్మ మాట కూడా సంస్థ పేరు కిందనే నమోదవుతుంది. కథకురాలి పేరుతో వెతికేవారికి ఆమె దొరకదు. కథనాన్ని ఉటంకించినప్పుడు ముందు కథకురాలి పేరు, ఆపై సంకలనకర్తలుగా సంస్థ పేరు ఇవ్వడం కష్టమైన పనేమీ కాదు. ఐలమ్మ 1985 సెప్టెంబరులో కన్నుమూసింది. ఆమె మాటలున్న పుస్తకం వెలువడింది ఆ మరుసటి ఏడాది.