ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి

నేను ఇన్‌వార్డు సెక్షనులో ఉండగా ఒక బదిలీ ఉత్తర్వు వచ్చింది. సంతకం, ముద్ర, నంబరు అన్నీ సక్రమమే. కవరు మీది తపాలా ముద్ర మాత్రం వేరే ఊరిది. విచారిస్తే అది దొంగ ఉత్తర్వని తేలింది. రేడియో సంకేతాల చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఆ కవరే గుర్తొస్తుంది.

రెండవ ప్రపంచ యుద్ధంలో, 1940లో, జర్మన్ బాంబర్లు చీకట్లో రేడియో కిరణాల వెంట ఇంగ్లండుకు వచ్చేవి. పైలట్ ఒక పక్కకు తొలగితే చెవిలో పొట్టి శబ్దాలు, రెండో పక్కకు తొలగితే పొడుగు శబ్దాలు వినిపించేవి. సరైన దారిలో ఉంటే ఒకటే ఎడతెగని మోత. 28 ఏళ్ల బ్రిటిష్ శాస్త్రవేత్త ఆర్.వి. జోన్స్ ఈ గుట్టు పసిగట్టి, జూన్ 21న ప్రధాని చర్చిల్‌కు వివరించాడు. ఆ రాత్రే ఒక విమానం వెళ్ళి కిరణాన్ని కనిపెట్టింది. బ్రిటిష్‌వారు ఆ కిరణాలకు ‘తలనొప్పి’ అనీ, విరుగుడుగా తాము పంపిన దొంగ శబ్దాలకు ‘ఆస్పిరిన్’ అనీ పేర్లు పెట్టుకున్నారు.

జర్మన్లు మరో కొత్త పరికరం తెచ్చారు. దాని శబ్దం సెకనుకు 2000 కంపనాలు. దాన్ని చెరపడానికి బ్రిటిష్‌వారు పంపినది 1500. ఆ తేడాను జర్మన్ పరికరం ఇట్టే వడకట్టేసింది. నవంబరు 14 రాత్రి కోవెంట్రీ నగరం తగలబడింది. అయిదు వందల మందికి పైగా చనిపోయారు. ఒక్క అంకె తప్పు పడితే ఏమవుతుందో లెక్కలు రాసిన మనకు వేరే చెప్పాలా?

అసలు సంకేతాన్ని హోరులో ముంచేయడం జామింగ్. అసలుదానిలా నటించే దొంగ సంకేతం పంపడం స్పూఫింగ్. హోరు వస్తే కనీసం తెలుస్తుంది. దొంగ సంకేతం తెలియకుండానే దారి మళ్ళిస్తుంది. పట్టుకునే ఉపాయం ఒకటుంది. నాలుగైదు యాంటెనాలను పక్కపక్కన పెడితే, సంకేతం ఒక్కోదానికి రవ్వంత తేడాతో చేరుతుంది. ఆ తేడానుబట్టి దిక్కు తెలుస్తుంది. జీపీఎస్ ఉపగ్రహాలు ఆకాశమంతటా చెదిరి ఉంటాయి. అన్ని సంకేతాలూ ఒకే దిక్కునుంచి వస్తున్నాయంటే అది దొంగ పనే!

ఢిల్లీ విమానాశ్రయం వద్ద కొన్ని విమానాలకు ఇలాంటి దొంగ సంకేతాలు ఎదురయ్యాయని 2025 డిసెంబరులో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. జీపీఎస్ అంతరాయాలు నమోదైన చోట్లలో మన హైదరాబాదు పేరూ ఉంది. మన పిల్లలు, మనవలు ఎక్కే విమానాలే కదా అవి! అందుకే, పరికరమైనా సరే, లోపలి రాతతోపాటు కవరు మీది ముద్ర కూడా చూడాలి.