ఓరుగల్లు సీమలో ఇంటిపేరు

పండ్రెండవ శతాబ్ది ఉత్తరార్ధము మొదలుకొని పదుమూడవ శతాబ్ది తొలిపాదము వరకుఁ గల కాలమున ఓరుగల్లు సీమలో రుద్రుడను నామధేయముతో వెలసిన ప్రముఖులు ముగ్గురు మనకు శాసనములలో కనబడుచున్నారు. అనుమకొండలో వేయిస్తంభముల గుడిని 1163లో ప్రతిష్ఠించిన ప్రభువు ఒకడు. పాలంపేటలో నేడు లోకము రామప్ప గుడి యని పిలుచు రుద్రేశ్వరాలయమును 1213లో నెలకొల్పిన సేనాని మరియొకడు. కాకతీయ ప్రభువు గణపతిదేవుని సోదరి మైలాంబను పరిణయమాడిన సామంతుడు మూడవవాడు. ముగ్గురును శూరులే, ముగ్గురును ఒక్క రాజ్యమునకు సంబంధించినవారే. కాకతి రుద్రుడు, రేచెర్ల రుద్రుడు, నతవాడి రుద్రుడు అని ముందొక మాటను చేర్చి చెప్పినప్పుడు గాని వీరిలో ఎవరెవరో స్పష్టపడదు. ఆ ముందు మాటయే ఇంటిపేరు.

ఇంటిని ముందుంచి మనిషిని వెనుక నిలుపు ఈ పద్ధతి చీనా దేశమునందును కలదు. అక్కడ వాంగ్, లీ, జాంగ్ వంటి వంశనామము ఒక్క అక్షరముగా మొదట నిలుచును. వ్యక్తి పేరు దాని వెంట నడచును. సుంగ్ చక్రవర్తుల కాలమున పిల్లల చదువునకై కూర్చిన వంశనామముల గ్రంథము, ఆనాటి రాజకుటుంబపు పేరైన జావో తోనే ప్రారంభమగుచున్నది. అయితే చీనాలో కొలదిపాటి అక్షరములను కోట్లకొలది జనులు పంచుకొనుచుండగా, మన సీమలో ఊరూరికిని ఇంటిపేర్లు పదులకొలదిగా పుట్టినవి. అక్కడి అక్షరము వంశమును తెలుపును. ఇక్కడి ఇంటిపేరు పెక్కుసారులు ఆ వంశము కాపురమున్న మట్టిని సైతము తెలుపును.

దీనికి కాకతీయులకన్న గొప్ప నిదర్శనము లేదు. తూర్పు చాళుక్య దానార్ణవుని 956 నాటి మాగల్లు శాసనమున ‘కాకర్త్య’ గుండ్యన యను వీరుడు కనబడుచున్నాడు. బయ్యారము చెరువు శాసనము దుర్జయ కులమునఁ బుట్టిన వెన్నయ కాకతి పురమునుండి పాలించెననియు, అందుచేతనే అతని సంతతివారు కాకతీశులని ప్రసిద్ధికెక్కిరనియు చెప్పుచున్నది. విద్యానాథుని ప్రతాపరుద్రీయమునకు వ్యాఖ్య రచించిన కుమారస్వామి సోమపీథి కాకతి యనగా దుర్గాశక్తి యనియు, ఆ దేవిని కొలిచినందున ఆ పేరు వచ్చెననియు వివరించెను. ఊరైనను సరే, ఊరి దేవత యైనను సరే, ఆ పేరు నేలనుండి మొలచినదే. రాజ్యము సముద్రతీరము వరకు వ్యాపించిన పిమ్మట 1244 నాటి మోటుపల్లి శాసనమున కవులు ఈ వంశమును సూర్యునితో ముడివేసిరి. వీరి సామంతులైన మల్యాలవారి బూదపుర శాసనమో వీరిని చతుర్థ వర్ణజులుగా పేర్కొన్నది. ప్రశస్తులు కాలమునుబట్టి, అవసరమునుబట్టి మారినవి. కాకతి యను మాట మాత్రము మూడున్నర శతాబ్దుల పొడవున ఒక్కతీరున నిలిచినది. ప్రభువులు ఎంత ఎత్తునకు ఎదిగినను తమ పేరుతో పాటు తమ పూర్వుల ఊరిని మోయక తప్పలేదు. మోయుటకు వారు సిగ్గుపడను లేదు.

ఇచట విశేషించి తలపవలసినది మైలాంబ. బయ్యారము చెరువును త్రవ్వించి, దానికి ధర్మకీర్తి సముద్రమని పేరిడి, శాసనమును వేయించినది ఆమెయే. అప్పటికామె నతవాడి వారి కోడలు. ఐనను వెన్నయ మొదలు ముగ్గురు గుండల మీదుగా ఎఱ్ఱ, పిండిగుండ, బేత, ప్రోలల వరకు, అటనుండి గణపతిదేవుని వరకు పుట్టింటి వంశక్రమమును అంత సవిస్తరముగా చెప్పిన శాసనము వేఱొకటి లేదు. మెట్టినింటి పేరు ధరించిన ఆడుబిడ్డ పుట్టింటి చరిత్రను రాతికెక్కించి మనకందించినది. మన ఇండ్లలో నేటికిని ఎవరు ఎవరికి ఏమగుదురో, ఏ ఇంటిపేరువారు ఏ ఊరినుండి వచ్చిరో అడిగిన వెంటనే చెప్పగలవారు తఱచుగా ఆడపడుచులే కదా!

రేచెర్ల పేరు కథ మరింత లోతైనది. రామప్ప గుడి కట్టించిన రుద్రుడును, పిల్లలమఱ్ఱి నేలిన నామిరెడ్డియు రేచెర్ల రెడ్లు. కాకతీయ రాజ్యము 1323లో అస్తమించిన తరువాత రాచకొండ, దేవరకొండలను ఏలిన పద్మనాయకులును రేచెర్లవారే. వెలుగోటివారి వంశావళి చెప్పు గాథ యేమనగా, ఈ పద్మనాయకుల మూలపురుషుడు చెవిరెడ్డికి పొలములో నిక్షేపము కనబడినది, అది నరబలి కోరినది. అతని సేవకుడు రేచడు తన ప్రాణమిచ్చుటకు పూనుకొని, తన పేరు మీ గోత్రమునకు నిలువవలెనని మాత్రము కోరుకొన్నాడు. గాథలో నిక్కమెంతయైనను, తమ పేరు ఒక మాల సేవకుని త్యాగమునుండి వచ్చినదని ఏలికల వంశమే తన వంశావళిలో వ్రాయించుకొనుట చిన్న సంగతి కాదు. చీనాలో తాంగ్ చక్రవర్తులు మెచ్చిన సేనానులకు తమ లీ నామమును బహూకరించెడివారు; అది పైనుండి క్రిందికి దిగిన గౌరవము. రేచని పేరు క్రిందినుండి పైకెక్కి సింహాసనమున కూర్చున్నది.

కవుల విషయమునను ఇంటిపేరే సాక్ష్యము పలికినది. సోమనాథుని ఇంటిపేరు పాల్కురికి, పోతనామాత్యుని ఇంటిపేరు బమ్మెర; పాలకుర్తి, బమ్మెర గ్రామములు రెండును ఓరుగల్లు సీమలో ఇరుగుపొరుగుననే ఉన్నవి. పోతన చెప్పిన ఏకశిలానగరము ఓరుగల్లా, కడప మండలమందలి ఒంటిమిట్టయా యని పండితులు చిరకాలము వాదించుకొనిరి. ఆ వాదమున ఓరుగల్లు పక్షమువారికి బలమైన ఆధారముగా నిలిచినది ఆ మూడక్షరముల బమ్మెర.

సంబంధము కలుపుకొనుటకు వచ్చినవారిని పెద్దలు “మీ ఇంటిపేరేంది?” అని మొదటనే అడుగుట నేటికిని వినుచున్నాము. ఒకే కులమున ఇంటిపేరొక్కటైనచో వారు పాలోళ్ళు. పురుడు, మైల ఇరువురికిని పట్టును. పిల్లలు అన్నాచెల్లెండ్ర వరుసయగుదురు. ఇక పెండ్లి మాట లేదు. తాంగ్ కాలపు చీనా ధర్మశాసనము సైతము ఏకనామ వంశీయుల వివాహమును నేరముగా పరిగణించి శిక్ష విధించినది. అచ్చట రాజదండము చేసిన పనిని ఇచ్చట అరుగుమీది ఒక ప్రశ్న నెరవేర్చినది.

నేడు వరంగల్లు నగరమున కాకతీయ నామము అందరి ఇంటిపేరైనది. 1959లో వెలసిన వైద్య కళాశాలకును, 1976లో ఏర్పడిన విశ్వవిద్యాలయమునకును ముందు నిలిచినది ఆ పేరే. నగరము తన పూర్వుల నామమును ఇంత ఆదరముతో ధరించుట సంతోషింపదగినది. కాని అదే నగరమున మన స్వంత ఇంటిపేర్లు ఒంటి అక్షరముగా కుదించుకొని, ఆ అక్షరము దేనికి గుర్తో ఎరుగని బిడ్డలు పెరుగుచున్నారు. శాసనములు వేయించుకొన్న వంశముల చరిత్రను రాతిలో చదువవచ్చును. కుమ్మరి, సాలె, చాకలి, మాల, మాదిగ కుటుంబములకు, సన్నకారు రైతులకు అట్టి రాళ్ళు లేవు. వారి వలసలకు, వృత్తులకు, విడిచివచ్చిన ఊళ్ళకు మిగిలిన దస్తావేజు ఇంటిపేరొక్కటే. కావున ప్రతి ఇంటను పెద్దలున్నప్పుడే వారినడిగి, ఇంటిపేరును పూర్తిగా వ్రాసి, అది ఏ ఊరినుండి, ఏ పనినుండి, ఏ మనిషినుండి వచ్చెనో నాలుగు పంక్తులలో లిఖించి భద్రపరచుట మన తరమువారి విధి. మైలాంబ చేసిన పనియు ఇదియే.