మెకెంజీ ఆపిన కత్తి

ప్రష్యా యువరాజు ఫ్రెడరిక్ గొంతు 1887 జనవరిలో బొంగురుపోయింది. జలుబనుకున్నారు. మార్చిలో ప్రొఫెసర్ గెర్‌హార్ట్ అద్దం పెట్టి చూస్తే ఎడమ స్వరతంత్రి మీద చిన్న కంతి కనిపించింది. కరెంటుతో ఎర్రగా కాలిన ప్లాటినం తీగతో మళ్లీ మళ్లీ మాడ్చాడు. మాడ్చిన చోటే మళ్లీ మొలిచింది.

శస్త్రవైద్యుడు బెర్గ్‌మన్ ఇది కాన్సరే అన్నాడు. మే 21న గొంతు ముందువైపు నుంచి కోసి ఆ కంతిని తీసేయడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాడు. సరిగ్గా ముందురోజు లండన్ నుంచి మోరెల్ మెకెంజీ దిగాడు. గొంతు జబ్బులకంటూ 1863లోనే ఆసుపత్రి పెట్టినవాడు, ఆ విద్యకు యూరప్‌లోనే పెద్ద పేరు. కాన్సరని రుజువు లేకుండా కత్తి పెట్టొద్దన్నాడు. సన్నని పట్టకారుతో కంతిలోంచి చిన్న ముక్క తుంచి విర్హోకు పంపాడు. కణాలను చూసి రోగం చెప్పడంలో విర్హోను మించినవాడు ఆ కాలంలో లేడు. ఇందులో కాన్సర్ లేదని ఆయన రాశాడు. విర్హో చెప్పింది తన చేతికొచ్చిన ముక్క గురించే. అది రాజభవనం చేరేసరికి యువరాజుకే కాన్సర్ లేదన్న మాటగా మారిపోయింది.

ఆ రోజు ఆగినందుకు మెకెంజీని నేను తప్పుపట్టలేను. కాన్సర్‌కని స్వరపేటికను మొత్తం తీసే ఆపరేషన్ బిల్‌రోత్ మొదటిసారి చేసింది 1873 చివర్లో. ఆ తర్వాతి ఏళ్లలో అలాంటి కోతలకు లొంగినవాళ్లలో ఎందరో కోలుకోకుండానే పోయారు. బెర్గ్‌మన్ తలపెట్టింది అంత పెద్దది కాకపోయినా ప్రాణభయం లేనిదేమీ కాదు. మెకెంజీ పతనం మొదలైంది ఆ తర్వాత, గొంతు తిరిగి రాకపోయినా నెలల తరబడి ధైర్యం చెబుతూ పోవడంలో.

జూన్‌లో అత్తగారు విక్టోరియా రాణి స్వర్ణోత్సవం. తెల్లని యూనిఫాంలో గుర్రమెక్కి లండన్ వీధుల్లో సాగిన ఆ అల్లుణ్ని చూసినవాళ్లకు రోగి కనిపించలేదు. సెప్టెంబరులో మెకెంజీకి సర్ బిరుదు దక్కింది. నవంబరులో ఇటలీ తీరాన సాన్ రేమోలో వాపు కొత్తచోట తేలింది. కాన్సరని ఇక మెకెంజీ కూడా ఒప్పుకోక తప్పలేదు. స్వరపేటిక మొత్తం తీయించుకోవడానికి మాత్రం ఫ్రెడరిక్ ఒప్పుకోలేదు. 1888 ఫిబ్రవరి 9న ఊపిరాడని స్థితిలో బెర్గ్‌మన్ సహాయకుడు బ్రామన్ శ్వాసనాళం కోసి గొట్టం పెట్టాడు.

సరిగ్గా నెలకు చక్రవర్తిగా ఉన్న తండ్రి కన్నుమూశాడు, తొంభై ఏళ్ల వయసులో. ఉదారవాదులంతా ఏళ్లుగా ఎదురుచూసిన పట్టాభిషేకం! కొడుకుకు యాభై ఆరేళ్లు, నోట మాట లేదు. కాగితం ముక్కల మీద రాసి ఏలాడు. ఆ చీటీల పాలనలోనే, చనిపోయే వారం ముందు, ఛాందసవాది హోంమంత్రి పుట్‌కామర్‌ను సాగనంపాడు. ఉదారవాదులకు దక్కింది దాదాపు అంతే. జూన్ 15న, 99వ రోజున, పోయాడు. శవపరీక్షలో స్వరపేటిక కాన్సర్ తేలింది. సింహాసనం మీదికి ఆయన కొడుకు రెండో విల్‌హెల్మ్ వచ్చాడు. ఫ్రెడరిక్ బతికుంటే 1914 యుద్ధమే వచ్చేది కాదనేవాళ్లున్నారు. అంత భారం ఒక కంతి మీద వెయ్యడం నాకు కొంచెం ఎక్కువే అనిపిస్తుంది.

జర్మన్ వైద్యులు ఆ జులైలోనే తమ వాదన అచ్చువేశారు. మెకెంజీ ఊరుకుని ఉంటే బాగుండేది. అక్టోబరులో పుస్తకమే వేశాడు. గొట్టం మార్చబోయి రాజు గొంతుకు గాయం చేశాడని బెర్గ్‌మన్‌ను దుయ్యబట్టాడు. రోగి గుట్టు బజారుకెక్కించాడని స్వదేశంలోని సర్జన్ల కాలేజీ 1889లో ఆయన్ను అభిశంసించింది. 1892లో చనిపోయేనాటికి వయసు యాభై నాలుగే.

మెకెంజీ ఆపించిన ఆ గొంతు కోతను ఆయన ఊరు లండన్‌లోనే వైద్యులు హెన్రీ బట్లిన్, ఫెలిక్స్ సెమన్ చక్కదిద్దారు. స్వరతంత్రి దాటని కాన్సర్‌ను తొలిదశలోనే పట్టి, ఆ కోతతోనే రోగులను బతికించారు.