కాపలా పెట్టాలంటే లైసెన్సు ఉండాల్సిందే
ప్రైవేటు సెక్యూరిటీ సంస్థలకు చట్టం విధించిన నిబంధనలివీ

రఘునాథపల్లి: వానలు ముఖం చాటేసిన ఏడాది రఘునాథపల్లి మండల పల్లెల నుంచి పట్నం బాట పట్టే వారు ఎందరో. చదువు మధ్యలో ఆపిన యువకులకు, సేద్యం గిట్టుబాటు కాక వదిలేసిన నడివయస్కులకు హైదరాబాదులో తొందరగా దొరికే కొలువు సెక్యూరిటీ గార్డు ఉద్యోగం. అపార్టుమెంటు గేటు, ఏటీఎం, ఆసుపత్రి, గోదాము... ఎక్కడికి వెళ్లినా నీలిరంగు చొక్కాలో మన జిల్లా మనిషి ఒకరు కనబడతారు. అయితే తమను పనిలో పెట్టుకున్న సంస్థకు లైసెన్సు ఉందో లేదో విచారించి చేరేవారు బహు తక్కువ. దీనిపై స్పష్టమైన చట్టం ఉన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

ప్రైవేటు భద్రతా సంస్థల (నియంత్రణ) చట్టాన్ని పార్లమెంటు 2005లో ఆమోదించగా 2006లో అమలులోకి వచ్చింది. అదే ఏడాది కేంద్రం నమూనా నియమావళిని వెలువరించింది. దాన్ని ఆధారం చేసుకుని రాష్ట్రాలు తమ నియమాలు రూపొందించుకున్నాయి. 2020లో కేంద్రం నమూనా నియమావళిని సవరించి కొత్తగా ప్రకటించింది.

ఎవరికి వర్తిస్తుంది?

గార్డులను ఇతరులకు సమకూర్చడం, వారికి శిక్షణ ఇవ్వడం వృత్తిగా పెట్టుకున్న ప్రతి వ్యక్తీ, సంస్థా లైసెన్సు తీసుకోవలసిందే. రైస్‌మిల్లు యజమాని తన మిల్లు వద్ద తానే జీతమిచ్చి కాపలాదారును పెట్టుకుంటే ఈ చట్టంతో పనిలేదు. అదే యజమాని ఒక ఏజెన్సీతో ఒప్పందం కుదుర్చుకుని మనుషులను తెప్పించుకుంటే, ఆ ఏజెన్సీకి లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు లేకుండా వ్యాపారం నడిపితే ఏడాది వరకు జైలు, లేదా రూ.25 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

లైసెన్సు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వం నియమించే నియంత్రణాధికారిది. ఆయన హోంశాఖలో సంయుక్త కార్యదర్శి స్థాయికి తగ్గకుండా, లేదా తత్సమాన హోదాలో ఉండాలి. దరఖాస్తుదారు భారతీయ పౌరుడై ఉండాలి. రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడదగిన నేరం రుజువైన వారు, దివాలా తీసినవారు, నిషేధిత సంస్థలతో సంబంధం ఉన్నవారు, దుష్ప్రవర్తన కారణంగా ప్రభుత్వ కొలువు నుంచి తొలగింపునకు గురైనవారు అనర్హులు. పోలీసు విచారణ పూర్తయ్యాకే దరఖాస్తును పరిశీలిస్తారు. అన్ని పత్రాలతో కూడిన దరఖాస్తు అందిన 60 రోజుల్లోగా అధికారి నిర్ణయం తీసుకోవాలి. తిరస్కరించే పక్షంలో దరఖాస్తుదారు వాదన విని, కారణాలు రాతపూర్వకంగా తెలపాలి. దరఖాస్తులను ఆన్‌లైన్‌లో స్వీకరించేందుకు కేంద్ర హోంశాఖ 2019లో ప్రత్యేక పోర్టల్‌ను ప్రారంభించింది.

జిల్లాలు పెరిగాయి, రుసుమూ పెరిగింది

రుసుము లెక్క జిల్లాలను బట్టి ఉంటుంది. ఒకే జిల్లాకైతే రూ.5 వేలు, ఒకటి కంటే ఎక్కువ, ఐదు వరకు జిల్లాలకైతే రూ.10 వేలు, రాష్ట్రమంతటికీ రూ.25 వేలు. ఈ లెక్కలో మన ప్రాంతం వారికి ఒక చిక్కు ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి రఘునాథపల్లి కొత్త జనగామ జిల్లాలోకి వచ్చింది. 2019లో ములుగు కూడా వేరుపడటంతో ఉమ్మడి వరంగల్ ఇప్పుడు వరంగల్, హన్మకొండ, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి, ములుగు అనే ఆరు జిల్లాలైంది. అంటే ఒకనాడు రూ.5 వేల లైసెన్సుతో చేర్యాల నుంచి ఏటూరునాగారం దాకా పనిచేయగలిగిన సంస్థకు ఇప్పుడు ఐదు జిల్లాల లైసెన్సు కూడా చాలదు. రాష్ట్రస్థాయి లైసెన్సు తీసుకోవలసిందే. పైగా చేర్యాల సిద్దిపేట జిల్లాకు వెళ్లిపోయింది. ఊళ్లో స్థిరపడి చిన్న ఏజెన్సీ పెట్టుకోదలచిన మాజీ సైనికులు ఈ సంగతి ముందే చూసుకోవడం మంచిది.

లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది. గడువు ముగియడానికి కనీసం 45 రోజుల ముందే పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలి. లైసెన్సు పొందిన ఆరు నెలల్లోగా పని మొదలుపెట్టాలి. లైసెన్సు ప్రతిని కార్యాలయంలో అందరికీ కనిపించేలా వేలాడదీయాలి. ఉద్యోగానికి వెళ్లిన వ్యక్తి గోడ మీద ముందుగా చూడవలసింది దాన్నే.

గార్డుకు ఉండవలసిన అర్హతలు

వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండాలి. నమూనా నియమావళి ప్రకారం పురుషుల ఎత్తు కనీసం 160 సెంటీమీటర్లు, స్త్రీలకు 150 సెంటీమీటర్లు. పురుషుల ఛాతీ 80 సెంటీమీటర్లు ఉండి, ఊపిరి పీల్చినప్పుడు మరో 4 సెంటీమీటర్లు పెరగాలి. కిలోమీటరు దూరాన్ని ఆరు నిమిషాల్లో పరుగెత్తగలగాలి. పన్నెండు నెలలకోసారి వైద్యపరీక్ష చేయించాలి.

2006 నియమావళి నిర్దేశించిన శిక్షణ చిన్నదేమీ కాదు. తరగతి గదిలో 100 గంటలు, బయట 60 గంటలు, కనీసం 20 పనిదినాల పాటు సాగాలి. మాజీ సైనికులు, మాజీ పోలీసులకు 40, 16 గంటల చొప్పున ఏడు పనిదినాలు చాలు. ప్రతి 15 మంది గార్డులకు ఒక సూపర్‌వైజరు ఉండాలి. వాస్తవం మాత్రం వేరు. ఇక్కడి నుంచి వెళ్లినవారిలో పొద్దున చేరి సాయంత్రమే డ్యూటీకి ఎక్కామని చెప్పేవారే ఈ విలేకరికి ఎక్కువగా తారసపడ్డారు. అగ్నిమాపక సిలిండరు పిన్ను ఎటు లాగాలో తెలియని మనిషి పది అంతస్తుల భవనానికి రాత్రి కాపలా ఉండటం అతనికీ ప్రమాదమే, లోపల నిద్రిస్తున్న వారికీ ప్రమాదమే.

దుస్తుల విషయంలో జాగ్రత్త అవసరం. భుజం మీద సంస్థ గుర్తు, హోదా తెలిపే బ్యాడ్జి, తాడుతో విజిల్, లేసుల బూట్లు, టోపీ ఉండాలని నియమావళి చెబుతోంది. అయితే సైన్యం లేదా పోలీసుల దుస్తులను పోలినవి ధరిస్తే గార్డుకూ, యజమానికీ ఏడాది వరకు జైలు, లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సంస్థ ఇచ్చింది కదా అని ఖాకీ తొడిగితే కేసు తన మీదికే వస్తుందన్న సంగతి చాలామంది ఎరుగరు.

తుపాకీ సంగతి మరొకటి. ఏజెన్సీ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఆయుధం పట్టే హక్కు రాదు. దానికి 1959 ఆయుధాల చట్టం కింద వేరే లైసెన్సు కావాలి. ఏటీఎంలకు నగదు చేరవేసే వ్యాన్లకు 2018లో వచ్చిన నియమాల ప్రకారం ప్రతి వ్యాన్‌లో డ్రైవరు, ఇద్దరు సాయుధ గార్డులు, ఇద్దరు నగదు బాధ్యులు ఉండాలి. గ్రామీణ ప్రాంతాల్లో సాయంత్రం 6 గంటలు దాటాక ఏటీఎంలలో నగదు నింపరాదు.

చేరేముందు అడగవలసినవి

గార్డుగా చేరేవాడు ప్రభుత్వానికి చెల్లించవలసిన రుసుము ఏదీ ఈ చట్టంలో లేదు. లైసెన్సు ఖర్చు పూర్తిగా సంస్థదే. అయినా రిజిస్ట్రేషన్ అనీ, డిపాజిట్ అనీ మొదటి నెల జీతంలోనే కోత వేసేవారున్నారు. రశీదు అడిగితే రేపు రమ్మంటారు. మన మండలానికి చెందిన ఒక యువకుడు ఇలా రెండు నెలలు తిరిగి, చివరకు యూనిఫాం అక్కడే విడిచి వచ్చేశాడు. చేరిన తేదీ రుజువు చేసే కాగితం ఒక్కటీ అతని చేతిలో లేదు.

అందువల్ల ఫొటోతో కూడిన గుర్తింపు కార్డు అడిగి తీసుకోవాలి. దాన్ని ఇవ్వడం సంస్థ విధి. గార్డుల పేర్లు, చిరునామాలు, ఫొటోలు, జీతాలతో రిజిస్టరు నిర్వహించాలని కూడా చట్టం నిర్దేశించింది. సంస్థలో పదిమంది లేదా అంతకు మించి ఉంటే, నెల వేతనం రూ.21 వేలకు మించని వారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. ఇరవై మంది లేదా అంతకు మించి ఉంటే భవిష్యనిధి ఖాతా ఉండాలి. ఆ నంబరు జీతపు చీటీపై ఉందో లేదో చూసుకోవాలి.

ఉద్యోగం మానేసేటప్పుడు గుర్తింపు కార్డును సంస్థకు తిరిగి అప్పగించాలి. పోగొట్టుకుంటే ఆ సంగతి వెంటనే సంస్థకు తెలియజేయాలి. అప్పగించేముందు కార్డుకు రెండువైపులా జిరాక్సు తీయించి దగ్గర ఉంచుకుంటే, బకాయి జీతం అడిగే రోజున పనికొస్తుంది.