పాలపిట్టను చూడబోవు త్రోవ

గోదావరి ఉత్తరపుటొడ్డున, మంచిర్యాల నుండి చెన్నూరునకు పోవు మార్గమున నున్న మన జైపూరు నేడు లోకమునకు పెగడపల్లి కడ వెలసిన 1200 మెగావాట్ల సింగరేణి విద్యుత్కేంద్రము వలననే తెలియుచున్నది. 2016లో ప్రధానమంత్రి జాతికి అంకితము గావించిన ఆ కేంద్రము కంటెను, ఇందారపు బొగ్గుబాయిల కంటెను ఎంతో ముందునుండియు ఈ సీమ ప్రజలు ఒక పక్షిని కన్నులార చూచుటకై ఇంటిల్లిపాదియు ఊరు వెడలుచుండిరి. శ్రావణమున గుట్ట లెక్కుచుండిరి. కార్తికమున ఉసిరిచెట్టు నీడను బంధుజనముతో భుజించుచుండిరి. పక్షులను చూచుట, కొండ లెక్కుట, మనుమలతో ప్రొద్దుపుచ్చుట అనునవి తీరికగల నగరవాసులు ముదిమియందు క్రొత్తగా అలవరచుకొన్న వినోదములని తలంచువా రున్నారు. ఈ సీమ చరిత్ర అందుకు సమ్మతింపదు.

1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ సింగరేణి గ్రామప్రాంతమున బొగ్గును గుర్తించెను; 1889లో ఇల్లెందు చెంత త్రవ్వకము మొదలయ్యెను; 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గము పూర్తి యగుటతో గోదావరి లోయలోని బొగ్గునకు ఉత్తర దక్షిణములు రెండును తెఱచుకొనగా, బెల్లంపల్లి, మందమఱ్ఱి, అటుపిమ్మట గోదావరిఖని, శ్రీరాంపురములు పల్లెలను విడిచి వచ్చిన వేలాది కుటుంబములతో నిండిపోయెను. ఈ మార్పులో కార్మికుడు కోల్పోయినది భూమి మాత్రమే కాదు, పగటివెలుగు కూడ. తెల్లవాఱుజామున సైరను విని మొదటి షిఫ్టునకు పోయి, నెత్తిన దీపము ధరించి బాయి దిగినవానికి పిట్టల కూత వినబడదు. రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవానికి పగలంతయు నిద్రయే. 1952 నాటి గనుల చట్టము భూగర్భమున పని దినమునకు ఎనిమిది గంటలు మించరాదనియు, వారమునకొక దినము విశ్రాంతి యుండవలెననియు శాసించెను గాని, ఆ ఒక్క దినమునను సంతయు, పెండ్లియు, పరామర్శయు పంచుకొనగా ఆకసమువంక చూచుటకు మిగులునది స్వల్పము.

ఆ గనులు వ్యాపించుచున్న దినములలోనే, 1931–32లో, సలీం అలీ నిజాం రాజ్యమంతట తిరిగి పక్షుల పరిశీలన నెఱపెను. ఆ ఫలితములు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో వెలువడెను. అది గొప్ప శాస్త్రకార్యము. కాని అక్షరము లెఱుగని మన పెద్దలు పక్షిజ్ఞానమును పండుగలో భద్రపఱచి మనుమల కప్పగించిన విధానము దానికి తీసిపోవునది కాదని నా దృఢవిశ్వాసము.

ఆ పండుగ విజయదశమి. అజ్ఞాతవాసము ముగించి జమ్మిపైనుండి ఆయుధములను దింపుకొని మరలివచ్చుచున్న పాండవులకు పాలపిట్ట కానవచ్చెననియు, నాటినుండి వారికి జయమే కలిగెననియు పెద్దలు చెప్పుదురు. అందుచే ఆ సాయంకాలమున క్రొత్తబట్టలు కట్టి పిల్లలు పెద్దలు పొలిమేర దాటి, చేలగట్ల వెంట, చెట్టుచెట్టును పరికించుచు నడతురు. వాలియున్నప్పుడు పాలపిట్ట అంతగా కంటి కానదు. రొమ్మున గోధుమవన్నె, మూపున మాసిన పచ్చదనము, పెద్ద తల, కదలని కూర్చుండుట. మిడుత యొకటి గడ్డిలో మెదలగనే అది తీగపైనుండి జాఱి రెక్కలు విప్పినంతట ముదురునీలము లేతనీలము పట్టెలు పట్టెలుగా వెలిగి, చూచువారి నోట ఒక్కమాఱుగా కేక పుట్టును. పట్టిన మిడుతను కొమ్మకు కొట్టికొట్టి చంపి మ్రింగును. పైరునకు చెఱుపు చేయు పురుగును తిను ఈ పక్షిని రైతు జయసూచకముగా నెంచుట అకారణము గాదు. తిరిగివచ్చిన పిమ్మట పిన్నలు జమ్మియాకును బంగారమని పెద్దల చేతిలో నుంచి పాదములకు మ్రొక్కుదురు. బాయిపని చేయుచున్నంత కాలము షిఫ్టును బట్టి ఈ వేడుక కొకయేడు ఉండి ఒకయేడు లేకపోయిన తండ్రి, ఉద్యోగము దిగిపోయిన పిదప తాతయై అరుగుపై కూర్చుండి, వరుసగా వచ్చు చేతులనుండి ఆ యాకు నందుకొనును. సింగరేణిలో విరమణవయస్సు చిరకాలము 60 ఏండ్లు. 2021లో 61 అయ్యెను. జీవితములో తొలిసారిగా పగలంతయు తనదగుట ఆ వయస్సుననే.

ఇక గుట్టల మాట. నది కావలి వైపున, బేగంపేట కడ నున్న రామగిరి ఖిల్లా ఓషధులకు పేరొందినది. శ్రావణమున వానలకు పచ్చబాఱిన ఆ గిరిని శిథిల ప్రాకారముల నడుమగా జనులు కుటుంబములతో ఎక్కుదురు. మందమఱ్ఱి చెంత బొక్కలగుట్ట కడనున్న గాంధారి ఖిల్లాలో నాయకపోడులు మైసమ్మ జాతర జరుపుదురు. మోకాళ్లు సహకరింపని ముదుసలి సగము దూరమెక్కి రాతిపై కూర్చుండి, పైకి పోవు పిల్లలకు ఏ ఆకు దేనికి మందో చెప్పి పంపును. ఓపెన్‌కాస్టు గనులు వచ్చిన తరువాత త్రవ్విపోసిన మట్టియే గుట్టలై లేచినది; వానిపై మొక్కలు నాటుచున్నారు. అవి ఎంత పెరిగినను, ఆ పాతగుట్టకు బదులు కాజాలవని నాకు తోచును.

జైపూరు మండలమునందే శివ్వారము కడ, 1978లో మొసళ్ల రక్షణకై ఏర్పఱచిన అభయారణ్యము కలదు; విస్తీర్ణము సుమారు 30 చదరపు కిలోమీటర్లు. గుట్టల నడుమ గోదావరి లోతుగా నిలిచిన ఆ చోట వేసవియందును నీరుండుటచే నీటికాకులు, కొంగలు, లకుముకి పిట్టలు చేరును. ఒడ్డున మొసలి ఎండ కాగుచుండగా దూరమునుండియే పిల్లలకు చూపవచ్చును.

2014లో తెలంగాణము పాలపిట్టను రాష్ట్రపక్షిగా స్వీకరించెను. ఐనను నగరములందు దసరానాడు దానిని పట్టి, రెక్కలు కట్టి, పంజరమున నుంచి, రూకలు గొని దర్శనము చేయించువారు నేటికిని కలరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. పొలిమేర దాటి నడచినగాని దొరకని దర్శనమును ఇంటిముంగిట కొనుక్కొనువారిపై నాకు కోపము కంటె జాలియే మిక్కుటము. మా వైపున దాని యవసర మింకను రాలేదు. ఏ చేనిగట్టున ఏ తీగపై సాయంకాల మది వాలునో ఎఱిగిన విశ్రాంత కార్మికులు ఊరూర నున్నారు. మనుమల వేలు పట్టుకొని మునుముందుగా నడచువారు వారే.